ఇంటనున్న వృద్ధుల పోషణము

గత మాఘమాసమున ఆదోని డివిజనులోని యొక గ్రామమునకు పత్తికట్టెను గూర్చి చెప్పుటకై మేము వెళ్లియుంటిమి. పత్తి తీసిన పిమ్మట కట్టెను చేలో నిలిపియుంచినచో, మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగి మరుసటి యేటి పైరును పట్టునని మా పాఠకులకు పలుమారు మనవి చేసియున్నాము. ఆ మాటయే చెప్పవలెనని వీధివెంట నడచుచుండగా పెక్కు ఇండ్లకు తాళములు వేసియుండెను. మిరపకాయ కోతలకు గుంటూరు సీమకు పోయినవారి యిండ్లవి. ఒక యింటి అరుగుపై మాత్రము 80 ఏండ్లకు సమీపించిన అవ్వ యొకతె కూర్చుండియుండెను. మేము నోరు తెరువక మునుపే ఆమె, "నాయనా, లోపల బిందె ఉంది, రొంత వంచి ఈ చెంబులోకి నీళ్లు పోసి పో" అనెను.

లోపల బియ్యము కలదు, జొన్నపిండి కలదు, పప్పు కలదు. కుమారుడును కోడలును సరిపడు సరకులు పెట్టియే పోయిరి. లోపము వారి ప్రేమలో లేదు. పొరుగింటి పిల్ల ప్రొద్దుటనే బిందె నింపి పోవుచున్నది. కాని నిండిన బిందెను వంచుటకు అవ్వ చేతులలో సత్తువ లేదు. ఇది యొక కారణము. రెండవ కారణమును ఆమె మెల్లగా చెప్పెను: "నీళ్లు తాగితే రాత్రి లేయాల. చీకట్లో లేస్తే పడతానేమోనని బయం." దాహము వేయుచున్నను ఆమె త్రాగుట మానుకొనుచుండెను. పెదవులు ఎండి, నాలుక తడియారి, మాట తడబడుచుండెను.

ఆ దినమున పత్తికట్టె మాట మేము చెప్పలేదు. ఈ నెల ఈ పుటలలో పైరుల మాటకు బదులు ఇంటి పెద్దల మాట వ్రాయుచున్నాము. విత్తనము, ఎరువు, పురుగుమందు అను వానివలెనే ఇదియు తెలిసి చేయవలసిన పనియే కాని, ప్రేమ యున్నంత మాత్రమున దానంతట అది వచ్చునది కాదు.

మా యింటి సంగతి

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. మా నాయన యౌవనము మొదలు నల్లరేగడిలో జొన్నయు పత్తియు పండించిన రైతు. 79వ యేట పెరటి బండలపై జారిపడగా తుంటి యెముక విరిగెను. శస్త్రచికిత్స జరిగెను, ఇంటికి తెచ్చితిమి, మంచము వేసితిమి, వేళకు అన్నమును మందులును ఇచ్చుచుంటిమి. సేవ బాగుగనే చేయుచున్నామని తలచితిమి. మూడవ వారమున ఆయన పడక దుర్వాసన కొట్టెను. వచ్చిన నర్సమ్మ ఆయనను ప్రక్కకు త్రిప్పి చూపగా నడుము క్రిందిభాగమున అరచేయి యంత పుండు కనబడెను.

మేము ఊరూర తిరిగి, "ఆకు పైభాగము చూచి మోసపోకుడు, త్రిప్పి అడుగు చూడుడు, పచ్చదోమయు తెల్లదోమయు అక్కడనే యుండును" అని రైతులకు బోధించువారము. మా నాయన వీపును మాత్రము త్రిప్పి చూడనైతిమి. మిషను పాఠశాలలో తల్లిదండ్రులను గౌరవింపవలయునని మేము కంఠపాఠము చేసితిమి. ప్రక్క మార్చు విధము మాత్రము ఎవరును నేర్పలేదు, మేమును అడిగి నేర్చుకొనలేదు. ఆ పుండు మానుటకు నాలుగు నెలలు పట్టెను. ఆ నాలుగు నెలలలో నేర్చుకొన్నదియే ఈ క్రింద వ్రాయుచున్నాము.

నీరు, ఆహారము

వయసు మీరిన కొలది దాహము తెలియుట తగ్గును. శరీరమునకు నీరు కావలసియున్నను నోరు అడుగదు. కాబట్టి "దాహమైతే అడుగుతారు లే" అని యూరకుండరాదు. గంటకొకసారి కొంచెము కొంచెముగా మజ్జిగ, అంబలి, పలుచని రాగిజావ ఇయ్యవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారికి మాత్రము వైద్యుడు చెప్పిన మేరకే ఇయ్యవలెను. నీరు బిందెలో కాక, వారు ఒంటిచేత ఎత్తగల చిన్న చెంబులలో పోసి మంచము ప్రక్కన ఉంచవలెను.

మన సీమలో చైత్ర వైశాఖములలో ఎండ 40 డిగ్రీలను దాటును. ఆ దినములలో వృద్ధులను రేకుల క్రింద మధ్యాహ్నము పరుండబెట్టరాదు. ఒళ్లు కాలి, మాట తికమకపడి, మగత కమ్మినచో అది వడదెబ్బ యని తెలిసికొని, నీడకు చేర్చి, తడిబట్టతో ఒడలు తుడిచి, విసరుచు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విరేచనములైనచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్నచెంచాల చక్కెరయు అర చిన్నచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైనచో కీడు కలుగును.

పండ్లు లేనివారికి జొన్నరొట్టె పెట్టి, "తినడం లేదు" అని విసుగుకొనుట తగదు. రొట్టెను పప్పులోనో పాలలోనో నానబెట్టవలెను. సంగటిని మెత్తగా చేయవలెను. వృద్ధులకు అన్నము చారు చాలునని మన వారిలో నొక తలంపు కలదు. అది పొరపాటు. కండ తరుగకుండుటకును, పుండ్లు మానుటకును పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్డు, మెత్తగా నూరిన వేరుశనగ వంటివి ప్రతిదినము కావలెను. తినునప్పుడు వారిని నిటారుగా కూర్చుండబెట్టవలెను. తిన్న పిమ్మట అరగంట వరకు పరుండనీయరాదు. పక్షవాతము వచ్చినవారు నీరు త్రాగునప్పుడు పొలమారుచున్నచో, నీరు ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదేమోనని అనుమానించి వైద్యునికి చెప్పవలెను.

పడకుండ కాపాడుట

కాలు జారినచో తీసికొనవచ్చును, నోరు జారినచో తీసికొనలేమని సామెత. వృద్ధుల యెడల కాలు జారినను తీసికొనలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము, ప్రమాదవశమున గాయపడి మరణించువారిలో రోడ్డు ప్రమాదముల తరువాత పడిపోవుటచే మరణించువారే యెక్కువ. వారిలోను 60 ఏండ్లు దాటినవారే అధికులు. మన యిండ్లలో పరచిన నాపబండలు తడిసినచో నూనె పోసినట్లు జారును. స్నానము చేయు తావునను, మరుగుదొడ్డి దారిలోను గరుకు బండగాని గోనెపట్టగాని వేయవలెను. గోడకు నడుమెత్తున ఇనుపగొట్టము బిగించినచో అది వారికి మూడవ కాలగును. రాత్రియంతయు చిన్న దీపము వెలుగుచుండవలెను.

నులకమంచము గుంటపడినచో లేచుట కష్టము. కూర్చున్నప్పుడు పాదములు రెండును నేలకు సమముగా ఆనునట్టి యెత్తున గట్టి మంచము కావలెను. రాత్రివేళ బయటికి పోలేనివారికి మంచము ప్రక్కనే కుండీ కుర్చీ యుంచవలెను. దానికి సిగ్గుపడనక్కరలేదు. పాత కర్రకుర్చీకి నడుమ రంధ్రము కోయించి క్రింద బక్కెట్టు పెట్టినను పని జరుగును. అది లేకపోవుటచేతనే గదా పైని చెప్పిన అవ్వ నీరు మానినది!

కంటికి శుక్లము వచ్చినచో "ఈ వయసులో ఆపరేషను ఎందుకు" అనరాదు. చూపు వచ్చినచో పడుట తగ్గును. పడినవారు కాలు మోపలేకున్నను, ఆ కాలు పొట్టియై పాదము వెలుపలికి తిరిగినట్లున్నను తుంటి విరిగినదని భావింపవలెను. కూర్చుండబెట్టి లాగుట, తోముట, కట్టు కట్టించి నెలల తరబడి పరుండబెట్టుట మిక్కిలి హాని. కాలు కదలకుండ దిండ్లు పెట్టి 108కి ఫోను చేయవలెను.

మంచము పట్టినవారికి

ఒకేవైపు పరుండినప్పుడు ఎముకకును మంచమునకును నడుమ చర్మము నలిగి, నెత్తురు ఆడక చచ్చును. అదియే పడకపుండు. నడుము క్రింద, తుంటులు, మడమలు, రెక్కలు, తలవెనుక - ఈ తావులను దినమునకు రెండుసార్లు త్రిప్పి చూడవలెను. ఎఱ్ఱబడిన తావును వ్రేలితో అదిమి విడిచినప్పుడు ఆ యెఱుపు చెదరక నిలిచియున్నచో పుండు మొదలైనదన్నమాట. నల్లని చర్మముపై ఎఱుపు కనబడదు. అచ్చట రంగు ముదురుటయు, వేడియు, గట్టితనమును గమనింపవలెను. ఆ తావును రుద్దరాదు.

ప్రతి రెండు గంటలకు ప్రక్క మార్చుట దీనికి ముఖ్యమైన మందు. కుడి, వెల్లకిల, ఎడమ అని వరుస పెట్టుకొని, గోడపై సుద్దతో గంట వ్రాసికొనవలెను. నీటి వంతుల పట్టిక వ్రాసికొను రైతునకు ఇది కష్టము కాదు. పిక్కల క్రింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలునట్లు చేయవలెను. దుప్పటిలో ముడుతలు, రొట్టె తునకలు ఉండరాదు. తడిసిన బట్టను వెంటనే మార్చవలెను. గాలిపరుపు మంచిదే కాని అది యున్నదని ప్రక్క మార్చుట మానరాదు. పుండు తెరచుకొన్నచో పసుపు, పౌడరు, నూనె పెట్టక నర్సమ్మకు చూపవలెను. కీళ్లు బిగుసుకొనిపోకుండ చేతులను కాళ్లను దినమునకు రెండుసార్లు మెల్లగా మడిచి చాపుచుండవలెను. నోరు కడుగుట మరువరాదు.

మందులు, ఆపద గురుతులు

రక్తపోటునకును మధుమేహమునకును వాడు మాత్రలు "ఒళ్లు బాగుంది" అని మానదగినవి కావు. వైద్యుని యొద్దకు పోవునప్పుడు ఇంటిలోనున్న మాత్రలన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను. కీళ్లనొప్పులకు అంగడిలో కొని దినదినము మ్రింగు మాత్రలు కడుపులో పుండ్లను కలిగించును, మూత్రపిండములను చెరచును. మధుమేహపు మాత్ర వేసికొని భోజనము చేయనివారికి చెమట, వణకు, తికమక కలిగినచో చక్కెర పడిపోయినదని గ్రహించి, మ్రింగగలిగినచో వెంటనే చక్కెరనీరు త్రాగింపవలెను.

మూతి ఒకప్రక్కకు పోవుట, ఒక చేయి వ్రాలిపోవుట, మాట ముద్దయగుట - ఈ మూడింటిలో ఏ యొకటి హఠాత్తుగా కలిగినను పక్షవాతమే. గంట గురుతుంచుకొనుడు. నెత్తురుగడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలెను. అదియు తలకు స్కానింగు తీసిన పిమ్మటనే. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారిన తరువాత చూతమనుకొన్నచో కాలము మించిపోవును.

మరపును గూర్చి యొక మాట. నిన్నటి వరకు బాగున్నవారు ఒక్క దినములో పొంతనలేని మాటలాడినచో అది గాలియు ధూళియు సోకుట కాదు, జ్వరమో, మూత్రమున చీమో, నీరు తగ్గుటయో కారణమై యుండును, వైద్యమునకు లొంగును. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా వచ్చు మరపు మెదడు వ్యాధి. దీనిలో నొక రకమును 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జీమరు మొదట వివరించెను. పోయిన జ్ఞాపకమును మరల తెచ్చు మందు నేటికిని లేదు. అట్టివారితో వాదింపరాదు. "ఇప్పుడే గదా తిన్నావు" అని కసరుటకంటె, రొంత మజ్జిగ చేతికిచ్చుట మేలు. పాత సంగతులు వారికి చాలకాలము నిలిచియుండును. 1953లో ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుండి విడిపోయి ఆంధ్రరాష్ట్రమున చేరిన కాలమును, ఎద్దులబండిపై పత్తిమూటలు ఆదోనికి తోలిన రాత్రులను మా నాయన కడవరకును చెప్పుచుండెను. అట్టి మాటలు అడిగి చెప్పించుకొనుట సేవలో నొక భాగము. ఇల్లు వెడలి దారితప్పువారి చొక్కాజేబులోనో మెడదారమునకో ఫోను నంబరు కట్టియుంచవలెను.

సేవ చేయువారి సంగతి

మా నాయన మంచముననున్న ఆ నెలలలో నిదుర లేనిది మాకు కాదు, మా యింటియామెకు. పగలు మేము గ్రామములపై తిరుగుచుంటిమి. రాత్రి రెండు గంటలకొకసారి లేచినది ఆమెయే. ఒకనాడు మేము ఆమెను మెచ్చుకొనగా, "మెప్పు తర్వాత గానీ, ఒక్క రాత్రి నన్ను నిద్ర పోనీయండి" అనెను. ఆ రాత్రి నుండి ఒంటిగంట వంతును, మూడుగంటల వంతును మేము తీసికొంటిమి. నాయనను త్రిప్పుటకు రెండు చేతులు చాలవని మాకు అప్పుడే తెలిసినది.

మన గ్రామములలో కోడలు చేయు సేవను ఎవరును లెక్కింపరు. పనికిపోక నిలిచినందున పోవు కూలి, విరుగు నిదుర, పట్టుకొను నడుమునొప్పి ఎవరి ఖాతాలోను వ్రాయబడవు. కుమారులు పనిని పంచుకొనవలెను. పట్టణములో నుద్యోగము చేయు తమ్ముడు డబ్బు పంపుటతో తీరలేదు, ఏడాదికి కొన్ని దినములైనను వచ్చి కూర్చుండి వదినగారికి విశ్రాంతి ఇయ్యవలెను. కుమార్తెలకును ఇందు బాధ్యత కలదు.

నెలవంతుల మాటయు ఇచ్చటనే చెప్పవలెను. ఎమ్మిగనూరు ప్రక్కన ఒక యింట తండ్రి పెద్దకొడుకు పాలికి, తల్లి చిన్నకొడుకు పాలికి వచ్చిరి; నెల మారినప్పుడు మూటలు మారును. 31వ తేది యెవరి వంతులోనిదను తగవు పెద్దమనుషుల వరకు వచ్చెను. యాబదియేండ్లు ఒక పొయ్యి దగ్గర తిన్న దంపతులను విడదీసినది పేదరికము కాదు. ఆ కొడుకులిరువురును పూటకు గతిలేనివారు కారు. వంతులు అవసరమైనచో డబ్బును, పనిని వంతులు వేసికొనుడు. ముసలివారిని వంతులు వేయకుడు.

భూమి, చట్టము, పింఛను

భూమిని ముందుగనే కొడుకులకు వ్రాసియిచ్చి, పిమ్మట కూటికి చేయిచాచిన తల్లిదండ్రులు మనకు తెలియనివారు కారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషింపని కుమారులపైనను కుమార్తెలపైనను, యుక్తవయస్సు వచ్చిన మనుమలపైనను వృద్ధులు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆదోని డివిజనువారికి రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతనున్న ట్రిబ్యునలే దీనిని విచారించును. నెలకు 10,000 రూపాయల వరకు పోషణభత్యము విధింపవచ్చునని ఆ చట్టములో నున్నది. వకీలు లేకయే అర్జీ పెట్టుకొనవచ్చును.

ఆ చట్టము 23వ సెక్షను ప్రకారము, తమను పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషింపనియెడల రద్దు చేయించుకొనవచ్చును. షరతు యున్నట్లు కనబడవలెనని సుప్రీముకోర్టు 2022లో చెప్పినది. 2025లో నింకొక తీర్పులో ఈ చట్టమును వృద్ధుల రక్షణకై ఉదారముగా చదువవలెనని చెప్పినది. మేము చెప్పునది యిది: దానపత్రము వ్రాయవలసివచ్చినచో పోషణ షరతును పత్రములోనే స్పష్టముగ వ్రాయింపుడు, ఉన్నదంతయు ఒక్కసారి వ్రాసి ఈయకుడు. ఇది కొడుకులను అనుమానించుట కాదు. విత్తనమునకు ఉంచుకొన్న గింజలను ఎంత యాకలియైనను రైతు వండుకొనడు గదా!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛనును నెలకు 4,000 రూపాయలుగ చేసినది. పక్షవాతముచే పూర్తిగా మంచమునకో చక్రాలకుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలుగ నిర్ణయించినది. 70 ఏండ్లు దాటినవారందరికి, ఆదాయముతో నిమిత్తము లేక, సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యమునకు ఆయుష్మాన్ భారత్ క్రింద 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఏర్పాటు చేసినది. సలహాకు, హింస జరిగినప్పుడు సహాయమునకు 14567 అను ఉచిత ఫోను కలదు. పింఛను డబ్బు మొదట ముసలివారి మందులకును, పాలకును గాని, ఇంటి అప్పుల వాయిదాలకు కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

వలస పోవునప్పుడు

కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, మంత్రాలయము వైపు గ్రామములనుండి వాన తప్పినప్పుడెల్ల కుటుంబములు కదలును. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు మిరపకోతలకు పోయిన మన పడమటి మండలముల కూలీలు గుంటూరు సీమలో చిక్కుకొనిరి. ఇచ్చట మంచములపై నున్నవారు వారికొరకై దినములు లెక్కపెట్టుకొనిరి. వలసపోవువారి పిల్లలు చదువు మానకుండ ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు పెట్టినది. విడిచిపోయిన ముసలివారిని గూర్చియు మనము అట్లే ఆలోచింపవలెను.

వలస పోవద్దని మేము చెప్పజాలము; పొట్ట గడువవలెను. కాని బండి యెక్కుటకు ముందు ఇవి చూడుడు: పొరుగువారిలో ఒకరికి డబ్బిచ్చియో ధాన్యమిచ్చియో దినమునకు రెండుపూటల చూచునట్లు ఒప్పందము చేసికొనుట, మాత్రలు వేళవారీగా పొట్లములు కట్టించుట, నీరు చిన్న పాత్రలలో నుంచుట, మంచము ప్రక్క కుండీ కుర్చీ, ఫోనులో ముగ్గురి నంబర్లు, ఎవరికి చెప్పినచో 108 వచ్చునో వారికి తెలియజేయుట. మంచము పట్టినవారిని మాత్రము ఒంటరిగా విడువరాదు. కుటుంబములో నొకరు నిలిచి తీరవలెను. ఆ నిలిచినవారి కూలినష్టమును పోయినవారందరు భరింపవలెను.

సంఘము చేయదగినది

ఒక యింటికి అసాధ్యమైనది పదియిండ్లకు సాధ్యమని సహకారము నేర్పు మొదటి పాఠము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘమును స్థాపించినప్పుడు మగ్గము ఒక్కొక్కనిది, నూలు కొనుటయు బట్ట అమ్ముటయు అందరిది. వృద్ధుల సేవయు అట్టిదే. ప్రక్క మార్చుట ఇంటివారిది. సామగ్రి, సలహా, తోడు అందరిది కావచ్చును.

కేరళలో కోళిక్కోడునందు 1993లో కొందరు వైద్యులు బాధానివారణ సంఘమొకటి పెట్టిరి. తరువాత ఆ జిల్లాలలో వాడవాడల సామాన్యజనులు శిక్షణ పొంది, మంచముననున్న పొరుగువారి యిండ్లకు వారము వారము పోయి పుండ్లు కడుగుట, మందు చేర్చుట, కూర్చుండి మాటలాడుట చేయసాగిరి. జపాను దేశము 2000లో వృద్ధసేవకై భీమా పెట్టి, 40 ఏండ్లు దాటినవారందరి చేత చందా కట్టించుచున్నది. మనకు అంత ధనము లేదు. కోళిక్కోడు వారి మనసు మాత్రము మనకును ఉండవచ్చును.

కావున ప్రతి సంఘమును రానున్న సర్వసభ్య సమావేశమున మూడు పనులు ఆలోచింపవలెనని మా మనవి. మొదటిది, రెండు చక్రాలకుర్చీలు, రెండు నడకచట్రములు, రెండు కుండీ కుర్చీలు, ఒక గాలిపరుపు కొని గిడ్డంగిలో ఒక మూల నుంచి, పిచికారీలను అద్దెకిచ్చినట్లు సభ్యులకు ఇచ్చి పుచ్చుకొనుట. ఒక యింటి ముసలివారు కాలము చేసిన పిమ్మట అటకపై తుప్పుపట్టు కుర్చీ ఇంకొక యింట పనికివచ్చును. రెండవది, వలసకాలమున ఒంటరిగ మిగిలిన పెద్దల పేర్లు వ్రాసి, దినమునకొకరు తలుపు తట్టునట్లు వంతు పెట్టుట. మూడవది, ఏడాదికొకసారి నర్సమ్మను పిలిపించి ప్రక్క మార్చుటయు పుండు చూచుటయు మంచముపైననే చేసి చూపింపజేయుట. చేలో చూపనిదే రైతు నమ్మడని మాకు తెలియును; ఇదియు అట్లే.

ఉగాదికి ముందు మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. పొరుగింటి పిల్ల తండ్రి పాతకుర్చీ యొకటి కోసి అవ్వ మంచము ప్రక్కన పెట్టియుండెను. గోడ వారగా అయిదు చిన్న చెంబులు నీళ్లతో వరుసగా నుండెను. సాయంత్రమునకు ఎన్ని ఖాళీ యయినవో ఆ పిల్ల లెక్క చూచునట. కుమారుడు రాత్రివేళ ఫోనులో మొదట అడుగు ప్రశ్న, "ఎన్ని చెంబులు తాగితివి మా" అనియే. అవ్వ మమ్ము గుర్తుపట్టి, "ఈ తూరి నీళ్లు నేనే పోస్తా, కూర్చో నాయనా" అని చెంబు మా చేతికిచ్చెను. మేము కూర్చుండి త్రాగితిమి. పత్తికట్టె మాట అప్పుడు చెప్పితిమి. "మావోడు వస్తూనే పీకిస్తాలే" అని ఆమె ఒప్పుకొనెను.

ఈ పుటను చదువు సోదరులు నేటి రాత్రి భోజనమునకు ముందు తమ యింటి పెద్దల మంచము దగ్గరకు పోయి మూడు సంగతులు చూతురుగాక: చేతికందునంత దూరమున నీరు కలదా? దారిలో దీపము కలదా? వీపును ఎవరైన త్రిప్పి చూచిరా?